సువర్ణ పన్ను ఏ శాఖకు వస్తుంది?

సువర్ణ పన్ను నొప్పి నిజానికి గుండ్లవాయి దాటి పోవాల్సింది కాదు. ఊళ్ళోనే సర్కారు దవాఖాన ఉంది. దవాఖానలో పండ్ల డాక్టరు ఉంది. డాక్టరు గదిలో వెనక్కి వాలే కుర్చీ కూడా ఉంది. ఇన్ని ఉన్నచోట ఒక పన్ను నొప్పి తగ్గకుండా ఉండాలంటే ప్రభుత్వం ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. పెట్టింది.

సువర్ణ బస్టాండు వెనక గల్లీలో బట్టలు కుడుతుంది. జాకెట్లు కుట్టడంలో పెట్టింది పేరు. కత్తెర ఒళ్ళోనే ఉన్నా దారాన్ని పంటితో కొరికి తెంపడం ఆమెకు అలవాటు. కడుపుతో ఉన్న మొదటి నెలల్లో వాంతులతో నోరంతా పులిసిపోయింది. తరవాత చిగుళ్ళు ఉబ్బాయి, బ్రష్షు పెడితే నెత్తురు. అయిదో నెల వచ్చేసరికి ఎడమవైపు కింది దవడ పన్ను లాగడం మొదలుపెట్టింది. నొప్పిని పంటి బిగువున ఓర్చుకోమని అందరూ అంటారు. నొప్పి పంటిలోనే ఉన్నవాళ్ళు దేని బిగువున ఓర్చుకోవాలో ఎవరూ చెప్పరు.

అత్త లచ్చవ్వను వెంటబెట్టుకుని దవాఖానకు పోయింది. పండ్ల డాక్టరు ఫర్హానా ఆమెను కుర్చీలో వాల్చి, చిన్న అద్దం పెట్టి, తీరిగ్గా చూసింది.

"భయపడేది ఏం లేదు సువర్ణా. కడుపుతోని ఉన్నప్పుడు చిగుళ్ళు ఇట్ల ఉబ్బుడు చానమందికి అయితది. పన్ను మాత్రం పుచ్చింది. లోపట శుభ్రం చేసి నింపుత. నింపే సామాన్ అయిపోయింది, వచ్చే వారం రా."

"కడుపుతోనున్న పిల్ల నోట్ల సూదులు, ఇనుప ముక్కలు ఎందుకు మేడం," అంది లచ్చవ్వ. "కాన్పైనంక చూద్దాం తియ్యి."

"అప్పటిదాక ఆగితే చీము పడతది అవ్వా. చీము దవడకాడనే ఆగి కూసోదు, ఒంట్ల తిరుగుతది. తల్లికి జ్వరమొస్తే లోపలి పిల్లకు మంచిదా? తిమ్మిరి సూది పిల్లను ఏం చెయ్యది. చేసుకునే టైము ఇదే. నెలలు నిండినంక ఈ కుర్చీల వెనక్కి వాలుమంటే వాలగలదా?"

లచ్చవ్వ కుర్చీని చూసింది, కోడలి పొట్టను చూసింది. వచ్చే వారం తనే దగ్గరుండి తీసుకొస్తానంది. లచ్చవ్వ అంతటి మనిషి ఒప్పుకున్న తరవాత ఈ కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ అప్పటికే గర్భిణుల నోటి ఆరోగ్యం మీద ప్రభుత్వానికి కలిగిన శ్రద్ధ ఆ వారంలోనే గుండ్లవాయి చేరింది.

అంతకుముందే ప్రభుత్వానికి మాతృభాష మీద శ్రద్ధ కలిగి ఉంది. తెలుగు మీద ప్రేమ ఎవరికైనా మంచిదే. కాకపోతే ఆ జిల్లాలో ప్రేమను అమలుచేసే బాధ్యతను విషయ విభజన అధికారి చక్రధర్‌రావు గారికి అప్పగించారు. ఆయన కార్యాలయంలో ఫైలును ఫైలు అంటే వెనక్కి పంపేవారు, దస్త్రం అంటేనే ముట్టుకునేవారు. ఏ దస్త్రం ఏ శాఖకు పోవాలో తేల్చడం ఆయన పని. తేల్చడానికి ఆయన పాటించే సూత్రం ఒక్కటే. దస్త్రంలో ఏ తెలుగు మాట ఉందో చూడాలి, ఆ మాట ఏ శాఖదో ఆ శాఖకు పంపాలి. అర్థం చూడకూడదు. అర్థం మనిషికొక తీరుగా ఉంటుందని, మాట అందరికీ ఒకటేనని ఆయన నమ్మకం.

పథకానికి ముందుగా ఎవరో "గర్భిణుల మౌఖిక పరీక్ష" అని పేరు పెట్టారు. పరీక్ష అన్న మాట చూసి అది విద్యాశాఖకు పోయింది. ఏదో మండలంలో గర్భిణులను బల్లల మీద కూర్చోబెట్టి ఎక్కాలు, నదుల పేర్లు అడిగారు. సగంమంది తప్పారు. తప్పినవాళ్ళు కాన్పు తరవాత మళ్ళీ హాజరు కావచ్చని ఫలితాలు కూడా ప్రకటించారు. అప్పుడు పైవాళ్ళు, ఇంత కఠినమైన మాటలు ఎందుకు, జనం వాడే మాట పెట్టండి అన్నారు. జనం వాడే మాట పండ్లు. పథకం పేరు "గర్భిణుల పండ్ల సంరక్షణ" అయింది.

పండ్లు ఏ శాఖవి? ఉద్యాన శాఖవి. చక్రధర్‌రావు గారు తడుముకోకుండా సంతకం పెట్టారు.

*

వారం తిరిగి సువర్ణ, లచ్చవ్వ దవాఖానకు పోయేసరికి పండ్ల డాక్టరు గది ముందు బుట్టలు పట్టుకున్న గర్భిణులు వరుసగా నిలబడి ఉన్నారు. లోపల వెనక్కి వాలే కుర్చీలో అరటి గెల ఒకటి వాలి ఉంది. దాని పక్కన స్టూలు మీద ఉద్యాన అధికారి బుచ్చిరెడ్డి కూర్చుని, చేతిలో చాకుతో ఒక జామపండును కోసి చూస్తున్నాడు. నిదానమైన మనిషి, ముప్పయ్యేళ్ళుగా తోటలు తిరిగినవాడు. దవాఖానలో ఆడవాళ్ళ మధ్య కూర్చోవలసి వచ్చినందుకు సిగ్గుతో తల ఎత్తడం లేదు.

"పండ్లు తెచ్చినవా అమ్మా?"

"నోట్లనే ఉన్నయి సార్," అంది సువర్ణ.

"తినుకుంట వస్తే ఎట్లనమ్మా. తినకముందు చూపియ్యాలె." బుచ్చిరెడ్డి కలం తీశాడు. "సరే, నోటితోనే చెప్పు. ఎట్లున్నయి?"

"ఒకటి పుచ్చింది."

"ఏ తోటవి?"

"తోట ఏంది సార్, మా అమ్మ దిక్కెల్లి వచ్చినయి. మా అమ్మకు గూడ గిట్లనే పుచ్చేటివి."

"నాటు రకం," అని రాసుకున్నాడు బుచ్చిరెడ్డి. అప్పుడు తల ఎత్తి ఆమె దవడ వాపు చూశాడు. కలం కింద పెట్టాడు. "నాకు అర్థమైంది బిడ్డా. మొదటి రోజే అర్థమైంది. పైకి రాసిన గూడ. పండ్లు నీ శాఖవి అవునా కాదా, అవునైతే ప్రశ్నించకు అని జవాబొచ్చింది."

"మరి మా డాక్టరమ్మ ఏది?" అంది లచ్చవ్వ.

"ఆమె పండ్ల డాక్టరు గదా. నా శాఖల కలిపిన్రు. ఇప్పుడు మామిడి మార్కెట్ల ఉన్నది."

పథకం మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. ఇంట్లో ఉన్న పండ్లలో మంచివి ఏరి తెచ్చేవారు గనుక, జిల్లాలోని గర్భిణుల పండ్లలో పుచ్చు దాదాపు లేదని నివేదిక పోయింది. చక్రధర్‌రావు గారిని అందరూ అభినందించారు.

మామిడి మార్కెట్లో డాక్టర్ ఫర్హానా ఒక పెట్టె మీద కూర్చుని, మరో పెట్టెలోని కాయల్ని ఒక్కొక్కటే తీసి చిన్న అద్దం పెట్టి చూస్తోంది. తెల్ల కోటు నిండా మామిడి సొన. సువర్ణను చూడగానే లేచి నిలబడింది, దవడ మీద చెయ్యి వెయ్యబోయి ఆగింది. అటూ ఇటూ చూసి వేసింది.

"వేడిగ ఉన్నది. చీము పడుతున్నది సువర్ణా."

"నింపుతానన్నరు గదా మేడం. ఇక్కడనే కూసుంట, నింపుండ్రి."

"దేంతోని నింపాలె? నా సామానంత ఆ గదిల పెట్టి తాళమేసిన్రు. తాళం శాఖది, నేను గూడ శాఖ దాన్నే. నోట్ల ఉన్న పండ్లను ముట్టుకుంటే పరిధి దాటినట్టు అని కాయితం ఇచ్చిన్రు." ఆమె చేతిలోని కాయను పెట్టెలో పడేసింది. "నిన్న ఒక షావుకారు, ఈ కాయకు చిల్లున్నది మేడం, సిమెంట్ పెడతరా అని అడిగిండు. నేను అయిదేండ్లు చదివింది దీనికే."

నొప్పికి ఏ గోలీ వేసుకోవచ్చో, ఏది వేసుకోకూడదో చెప్పింది. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. వాంతి అయితే వెంటనే బ్రష్షు పెట్టకుండా నీళ్ళతో పుక్కిలించి కాసేపు ఆగమంది. అన్నీ చెప్పి, "ఇవన్ని ఆపుతయి గని తగ్గియ్యవు. జల్దీ ఆ మాట మార్పియ్యుండ్రి," అంది.

సువర్ణ భర్త రాజేశం ట్రాలీ ఆటో నడుపుతాడు. అదే ఆటోలో భార్యను పట్నానికి, ప్రైవేటు పండ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన తలుపు కొద్దిగా తీసి, పొట్ట చూసి, మళ్ళీ వేసేశాడు. గర్భిణుల పండ్లు పథకం పరిధిలో ఉన్నందువల్ల ఉద్యాన శాఖ అనుమతి లేకుండా ఎవరూ ముట్టరాదని ఆయనకూ తాఖీదు వచ్చింది. తలుపు సందులోంచి, "కాన్పు కాంగనే రాండ్రి, చేసిపెడత," అన్నాడు.

*

విషయ విభజన కార్యాలయంలో అన్నీ తెలుగులోనే ఉన్నాయి. ఫ్యాను మీద గాలిమర అని, తలుపు మీద ద్వారం అని రాసి ఉంది. చక్రధర్‌రావు గారు సువర్ణను ఎంతో గౌరవంగా కూర్చోమన్నారు. గర్భిణులను నిలబెట్టరాదని ఆయనే ఉత్తర్వు ఇచ్చారు. ఆయన పక్కన గుమస్తా మొగిలయ్య మాటల నిఘంటువు పట్టుకుని నిలబడ్డాడు.

"మాతృమూర్తుల సేవకు మాతృభాషను మించిన సాధనం లేదు," అన్నారు చక్రధర్‌రావు గారు. "మీ విన్నపమును క్లుప్తముగా ఒక్క మాటలో తెలియజేయగలరు."

సువర్ణకు నోరు సగమే తెరుచుకుంటోంది. "పన్ను నొస్తంది సార్."

"పన్ను," అన్నారాయన కళ్ళు మూసుకుని, ఆ మాటను రుచి చూస్తున్నట్టుగా. "ఏకవచనము. మొగిలయ్యా, పండ్లు బహువచనము గనుక ఉద్యాన శాఖకు పోయినది. పన్ను ఏకవచనము. ఇది వేరు విషయము."

"పన్ను వాణిజ్య పన్నుల శాఖ సార్," అన్నాడు మొగిలయ్య.

"సార్, పన్నంటే ఇగో ఇది," అని సువర్ణ దవడ చూపించింది.

"అమ్మా, సంజ్ఞలను దస్త్రములో చేర్చలేము," అన్నారు చక్రధర్‌రావు గారు జాలిగా. ఆ జాలి నిజమైనదే. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బతిమాలుకోవచ్చు, భయపెట్టుకోవచ్చు. సూత్రం ఉన్న మనిషిని ఏమీ చేయలేం.

పన్నుల కార్యాలయం అదే ఆవరణలో మేడ మీద ఉంది. అక్కడి అధికారికి దస్త్రం అప్పటికే చేరింది. ఆయన సువర్ణ వాపును చూసి, ఆదాయం దాచిపెట్టుకున్న ముఖాన్ని చూసినట్టు చూశాడు.

"మీ పేర పన్ను ఉందా అమ్మా?"

"ఉన్నది సార్. అదే మస్తు బాధ పెడుతున్నది."

"పన్ను అందరినీ బాధపెడుతుంది. ఎప్పటి నుంచి ఉంది?"

"చిన్నప్పటి సంది ఉన్నది."

అధికారి ముందుకు జరిగాడు. "చిన్నప్పటి నుంచి ఉంటే ఇంతవరకూ ఎందుకు కట్టలేదు?"

"ఉన్నదాన్ని ఎందుకు కట్టించుకుంటం సార్? ఊడిపోయినోళ్ళు కట్టించుకుంటరు."

అధికారి పక్కనున్న సహాయకుడి వైపు తిరిగాడు. "ఊడిపోయినవాళ్ళు కడతారట, ఉన్నవాళ్ళు కట్టరట. రాసుకో. ఈ శాఖలో ఇన్నేళ్ళుగా నేను చూస్తున్నదీ అదే. ఇదొక్కటేనా అమ్మా, ఇంకా ఉన్నాయా?"

"నోటినిండ ఉన్నయి."

"ఇవి రాకముందు?"

"పాల పండ్లుండె సార్. అందరికి ఉండేటియే."

"పాల పన్ను," అన్నాడు అధికారి మెల్లగా. "ఎప్పుడో ఎత్తేసినట్టున్నారు, నాకు తెలియనే తెలియదు."

సువర్ణకు ఓపిక అయిపోయింది. "సార్, మీకు దండం పెడత. దీన్ని పీకేయుండ్రి."

"పన్ను పీకేసే అధికారం నాకు లేదమ్మా. వేయడమే మాకు తెలుసు. తీసేయాలంటే శాసనసభ కూర్చోవాలి."

వరండాలోకి వచ్చాక సువర్ణకు మేడ మీది నుంచి కింది దాకా ఉన్న అందరి పండ్లూ రాలగొట్టాలనిపించింది. దానికీ ఉద్యాన శాఖ అనుమతి కావాలని గుర్తొచ్చి మెట్లు దిగింది. ఇంటికి పోయేసరికి ఒళ్ళు కాలిపోతోంది. పొట్టలో బిడ్డ కదలికలు తెలుస్తున్నాయి. బిడ్డ కదిలినప్పుడల్లా సువర్ణకు ధైర్యం రావాల్సింది పోయి భయం వేసింది. ఈ చీము వీడి దాకా పోతే ఎట్లా అని ఆమె ఆ రోజంతా అనుకుంటూనే ఉంది.

*

ఫిర్యాదు మాత్రం పని చేసింది. చక్రధర్‌రావు గారు ఆలోచించి, పండ్లు అన్న మాటలో గందరగోళం ఉన్నదని ఒప్పుకున్నారు. తన తప్పును ఇంత తొందరగా ఒప్పుకునే అధికారి అరుదు. రెండు అర్థాలు లేని, శుద్ధమైన, గంభీరమైన మాట పెట్టమని ఆయనే ఆదేశించారు. కొత్త ఉత్తర్వులో "గర్భిణుల వద్ద గల దంతముల సంరక్షణ" అని వచ్చింది.

దంతాలు అటవీ శాఖవి.

ఖాకీ బట్టల్లో అటవీ అధికారి, ఇద్దరు గార్డులు జీపులో గల్లీలోకి వచ్చేసరికి లచ్చవ్వ గడపలో కూర్చుని మెంతికూర తుంచుతోంది.

"ఈ ఇంట్లో దంతాలు ఉన్నాయని మాకు విశ్వసనీయమైన సమాచారం ఉంది," అన్నాడు అధికారి.

"దంతాలు మా కొంపల యాడియి నాయినా. ఏనుగు మొకం చూసినోళ్ళమే కాదు," అని లచ్చవ్వ నవ్వింది.

ఆ నవ్వు చూసి అధికారి గార్డుకు చెప్పాడు. "ఈమె దగ్గర స్వల్ప పరిమాణం. సొంత వాడకానికి. వదిలెయ్." లోపల మంచం మీద పడుకున్న సువర్ణ వైపు తిరిగి, "మీరు కూడా ఒకసారి నవ్వండమ్మా," అన్నాడు.

సువర్ణ నవ్వలేకపోయింది. దవడ రాయిలా ఉంది. నవ్వకపోవడాన్ని విచారణకు సహకరించకపోవడంగా నమోదు చేశారు. దంతాలను స్వాధీనం చేసుకున్నట్టు అక్కడే ప్రకటించారు. శాఖ గోదాములో చోటు లేనందున వాటిని తాత్కాలికంగా నిందితురాలి నోటిలోనే ఉంచుతున్నామని, కదిలించినా తీసినా తీయించినా నేరమని, నమలడం వల్ల అరిగితే ఆమెదే బాధ్యత అని చెప్పారు. సంరక్షణ అంటే ఇదేనని, ఇంత గట్టి సంరక్షణ ఏనుగులకు కూడా లేదని అధికారి వినయంగా అన్నాడు.

ఆ రోజు నుంచి సువర్ణ గంజి మాత్రమే తాగింది. మర్నాటికి వాపు కంటి కిందికి పాకింది. లచ్చవ్వ కొడుకును పిలిచి, జీవితంలో మొదటిసారి ఏడుస్తూ మాట్లాడింది.

"దీన్ని ఆ మామిడి మార్కెట్‌కే తీస్కపోదాం పా. జైలుకైతే నేను పోత. నా నోట్లయి ఎట్లగూ వాళ్ళకు అక్కరలేదు."

మార్కెట్లో ఆ పూట బుచ్చిరెడ్డి కూడా ఉన్నాడు. ట్రాలీలోంచి దిగిన సువర్ణను చూసి ఫర్హానా పెట్టె మీది నుంచి లేచి వచ్చింది. "బుచ్చిరెడ్డి సాబ్, తాళం ఇయ్యుండ్రి. నా నౌకరీ పోతే పోనియ్యి," అంది.

"పోతే ఇద్దరిది పోతది," అన్నాడు బుచ్చిరెడ్డి. తాళంచెవి తీశాడు, మళ్ళీ పిడికిట్లో పెట్టుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. పిడికిలి తెరవాలని ఉంది, తెరుచుకోవడం లేదు. నిజాయితీ గల మనిషి భయపడితే చూడటం కష్టం.

సువర్ణ మామిడి రాశుల పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఎదుటి గోడ మీద ఉద్యాన శాఖ వారి హెచ్చరిక ఎర్ర అక్షరాలతో ఉంది. "పుచ్చిన పండు కనిపించిన వెంటనే తీసివేయవలెను. ఆలస్యము చేసిన పక్క పండ్లకు సోకును." ఆమె దాన్ని చదివింది. మాట్లాడలేక వేలు పెట్టి చూపించింది. వేలు గోడ మీది నుంచి తన దవడ మీదికి తెచ్చింది.

బుచ్చిరెడ్డి ఆ రాతను తన శాఖ రాతేనా అన్నట్టు రెండుసార్లు చదివాడు. ముఖంలో రక్తం తిరిగి వచ్చింది. గొంతు సవరించుకుని, ఆఫీసుల్లో మాట్లాడే తెలుగు అందుకున్నాడు.

"డాక్టర్ ఫర్హానా గారూ, తనిఖీలో ఒక పుచ్చిన పండు మా దృష్టికి వచ్చినది. నియమము ప్రకారము దానిని తక్షణమే తీసివేయవలసినదిగా, అందుకు అవసరమైన గదిని, కుర్చీని, పరికరములను వాడుకొనవలసినదిగా మిమ్మల్ని ఆదేశిస్తున్నాను." ఊపిరి పీల్చుకుని, "నడువు బిడ్డా, నడువు," అన్నాడు.

కుర్చీలోంచి అరటి గెలను దించి సువర్ణను వాల్చారు. ఫర్హానా చేతులు రెండుసార్లు కడుక్కుంది. సామాను మరిగించింది, సూది వేసింది, చీము తీసింది. పన్నును కాపాడే దశ దాటిపోయింది. దాన్ని తీసేసింది. అంతసేపూ లచ్చవ్వ కోడలి కాలి బొటనవేలు పట్టుకునే ఉంది. సూది వద్దన్న మనిషి, "ఇంకొంచెం మందు పెట్టు మేడం, పిల్లకు నొప్పి తెలుస్తదేమో," అంది.

బుచ్చిరెడ్డి బయట నిలబడి రాసుకున్నాడు. రకం, నాటు. స్థితి, పుచ్చు. చర్య, తీసివేయడమైనది.

రెండ్రోజుల్లో జ్వరం దిగింది. బిడ్డ గుండె చప్పుడు బాగుందని నర్సు వినిపించింది. అప్పటిదాకా కన్నీరు పెట్టని సువర్ణ అప్పుడు ఏడ్చింది. సంతోషంతో కాదు, కోపంతో. మొదటి వారంలోనే నింపి ఉంటే పన్ను నిలిచేదని ఫర్హానా దాచకుండా చెప్పింది. నోట్లో ఇప్పుడు నాలుక పోయి తగిలే ఆ ఖాళీ, తన పుచ్చు వల్ల వచ్చింది కాదని, ఎవరివల్ల వచ్చిందో తనకు తెలుసని ఆమె అందరితో అంది.

*

నెల తిరక్కుండానే పథకానికి రాష్ట్రంలో ఉత్తమ పథకంగా గుర్తింపు వచ్చింది. పథకం మొత్తంలో నిజంగా పుచ్చి, నిజంగా తీసివేయబడిన పండు ఒక్కటే ఉన్నట్టు లెక్కల్లో తేలింది. ఆ లబ్ధిదారును సభకు పిలిచారు. కలెక్టరేటు హాల్లో ముందు వరుసలో ఉద్యాన శాఖ, పన్నుల శాఖ, అటవీ శాఖ, వేదిక మీద చక్రధర్‌రావు గారు. బల్ల మీద పండ్ల బుట్టలు అలంకరించారు.

"ఈ సోదరీమణి తన సొంత నోటితో పథకము ఫలములను వివరించెదరు," అన్నారు చక్రధర్‌రావు గారు.

సువర్ణ మైకు దగ్గరికి వచ్చింది. పొట్ట మీద ఒక చెయ్యి వేసుకుంది.

"సార్, నా పండ్లంటే తోటోళ్ళు వచ్చిన్రు. పన్నంటే పన్నులోళ్ళు వచ్చిన్రు. దంతమంటే అడివోళ్ళు వచ్చిన్రు. అన్నిటికి ఆఫీసులున్నయి. అవన్ని ఉన్న నోరు మాత్రం నాది. నా కడుపుల పిల్లకు తిండి పోవాలంటే దీంట్లకెల్లే పోవాలె. ఇన్ని ఆఫీసులు తిరిగిన గని, జర తెరువమ్మా చూస్త అన్న ఆఫీసరు ఒక్కలు లేరు. ఇయ్యాల అందరున్నరు గదా. చూడుండ్రి."

నోరు పూర్తిగా తెరిచి, ముందు వరుస వైపు తిరిగి నిలబడింది. మూయలేదు. ముందు వరుస అంతా ఒళ్ళోని కాగితాల్లోకి చూసుకుంది. వెనక వరుసల్లో ఆడవాళ్ళు లేచి నిలబడి మరీ చూశారు.

చక్రధర్‌రావు గారు మొగిలయ్య వైపు వంగారు. "నోరు. నోరు ఏ శాఖకు వచ్చును?"

మొగిలయ్య నిఘంటువు తెరవకుండానే చెప్పాడు. "మామూలుగా ఏ శాఖకూ రాదు సార్. ఆడవాళ్ళు తెరిస్తే పోలీసు శాఖకు వస్తుంది."

మర్నాడు పొద్దున్నే ఒక ఆడ కానిస్టేబులు గల్లీలోకి వచ్చింది. సువర్ణ మిషను దగ్గర కూర్చుని ఉంది. కానిస్టేబులు తాఖీదు చదివి వినిపించింది. సభలో తెరవబడిన సదరు నోటిని ఠాణాలో హాజరుపరచవలెనని అందులో ఉంది.

"నోరొక్కటే రావాల్నా, నేను గూడ రావాల్నా?" అంది సువర్ణ.

కానిస్టేబులు కాగితం మళ్ళీ చూసుకుంది. "నోరనే ఉన్నదక్కా."

"అయితే తీస్కపో."

కానిస్టేబులు పోలేదు. గల్లీలో ఎవరైనా వింటున్నారేమోనని చూసి, స్టూలు లాక్కుని కూర్చుంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అక్కా, మా చెల్లెకు ఆరో నెల. చిగుళ్ళల్లకెల్లి నెత్తురు కారుతున్నది. దవడ గుంజుతున్నదని ఒకటే ఏడుపు. ఆ డాక్టరమ్మను ఎట్ల కలవాలె? దవాఖానల అడిగితే ఏ శాఖ అంటున్నరు."

సువర్ణ మిషను ఆపింది. లోపలికి పోయి ఒక మామిడిపండు తెచ్చి కానిస్టేబులు చేతిలో పెట్టింది.

"దీన్ని పట్టుకొని పొమ్మను. బుచ్చిరెడ్డి సార్ అడుగుతడు. ఒకటి పుచ్చింది అని చెప్పుమను. ఇంకేం మాట్లాడొద్దను. కుర్చీల కూసున్నంక నోరు తెరువుమను."